వైరస్ తగ్గినా వాసన తిరిగి రానప్పుడు

వైరస్ జ్వరం తర్వాత వాసన పోయినవాళ్లలో చాలామంది డాక్టరుకు చెప్పే మొదటి మాట ‘నోటికి రుచి తెలియడం లేదు’ అని. పప్పు తిన్నా, పులుసు తిన్నా ఒకటే చప్పదనం అంటారు. తీరా నాలుక మీద చిటికెడు ఉప్పు వేస్తే ఉప్పగానే ఉంటుంది, పంచదార వేస్తే తియ్యగానే ఉంటుంది. అంటే దెబ్బతిన్నది నాలుక కాదు, ముక్కు. ఈ తేడా తెలియక నెలల తరబడి బి కాంప్లెక్స్ మాత్రలు మింగుతూ, నాలుక గీకి గీకి పుండు చేసుకునేవాళ్లు ఉన్నారు. ఏది పోయిందో తేల్చుకోకుండా మొదలుపెట్టే వైద్యం ఎంత ఖరీదైనదైనా గురి లేనిదే.

అన్నం నములుతుంటే అందులోంచి లేచే ఆవిరి గొంతు వెనక నుంచి ముక్కు పైభాగానికి ఎక్కుతుంది. మనం రుచి అని పిలిచేదాంట్లో పెద్ద వాటా దీనిదే. నాలుకకు స్వయంగా తెలిసేవి తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి. ఉమామి అంటే ఎండు రొయ్యలు, పండిన టమాటా, పుట్టగొడుగులు, మాంసం రసంలో ఉండే ఆ నిండుదనం. వీటితో సంబంధం లేకుండా మూడో దారి ఒకటుంది. మిరపకాయ మంట, మిరియాల ఘాటు, ఆవపిండి నసాళానికి అంటడం, కర్పూరం చల్లదనం ముఖానికి స్పర్శ తెలిపే నాడి ద్వారా మెదడుకు చేరతాయి. వాసన నాడి పూర్తిగా చచ్చుబడినా ఈ నాడి పనిచేస్తూనే ఉంటుంది.

ఉగాది పచ్చడిని ఈ లెక్కన విడదీసి చూడొచ్చు. ఆరు రుచుల్లో తీపి, పులుపు, ఉప్పు, చేదు నాలుకవి. కారం, వగరు నోటి స్పర్శకు చెందినవి. ముక్కుకు మాత్రమే దొరికేది ఆరింటిలో ఒక్కటీ లేదు. అందుకే వాసన మొత్తం పోయిన మనిషి కూడా ఆరు రుచులనూ పేరుపేరునా చెప్పగలడు. మామిడికాయ వాసన, కొత్త బెల్లం వాసన, వేపపువ్వు వాసన మాత్రం అతనికి అందవు. ఆరు రుచుల్లో నాలుక చెప్పాల్సినవి కూడా తెలియకపోతే అప్పుడది నిజమైన రుచి లోపం. కోవిడ్‌లో అదీ కొందరిలో విడిగా కనిపించింది. దానికి వేరే కారణాలూ ఉండొచ్చు: నోరు ఎండిపోవడం, నాలుక మీద ఫంగస్ పూత, జింకు లోపం, కొన్ని మందులు. విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్ నోట్లో లోహపు చేదు తెస్తుంది, తామరకు మింగే టెర్బినఫైన్ కొందరిలో వారాల తరబడి రుచినే పోగొడుతుంది.

ఇంట్లో పరీక్ష చేసుకునేటప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటు తలనొప్పి బామ్ వాసన చూడటం. ఘాటు తగలగానే ‘నాకు వాసన తెలుస్తోంది’ అనుకుంటారు. అది మూడో దారి సంగతి, వాసన నాడి సంగతి కాదు. పరీక్షకు కాఫీ పొడి, యాలకులు, కొబ్బరి నూనె, మల్లెపూలు లాంటివి కావాలి. కళ్లు మూసుకుని కూర్చుంటే ఇంకొకరు ఒక్కొక్కటీ ముక్కు దగ్గర పెట్టాలి. మధ్యమధ్యలో ఏమీ లేని ఖాళీ గిన్నె కూడా పెట్టాలి, లేకపోతే మనసు ఊహించుకున్నదాన్నే ముక్కు చెప్పినట్టు అనిపిస్తుంది. ఏదో ఉందని తెలిసి అదేంటో చెప్పలేకపోవడం వేరు, అసలేమీ లేనట్టు ఉండటం వేరు. రెండింటినీ విడిగా రాసుకోవాలి.

ముక్కు లోపల ఏం జరిగింది

వాసన పసిగట్టే పొర ముక్కు కప్పులో, రెండు కళ్ల మధ్య ఎత్తులో ఉంటుంది. కొద్ది చదరపు సెంటీమీటర్లు మాత్రమే. అందులోని నాడీకణాల కొసలు నేరుగా బయటి గాలికి తగులుతాయి. మనిషిలో వాసన గ్రాహకాలు, అంటే వాసన అణువులను పట్టుకునే భాగాలు, దాదాపు 400 రకాలు. ఈ గ్రాహకాల జన్యు కుటుంబాన్ని లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో బయటపెట్టారు, 2004లో నోబెల్ అందుకున్నారు. ఒక్కో వాసన ఒక్కో గ్రాహకానిది కాదు. కాఫీ అంటే కొన్ని డజన్ల గ్రాహకాలు కలిసి ఇచ్చే సంకేతం. ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే తర్వాత వచ్చే వింత లక్షణాలు సగం అర్థమవుతాయి.

2020లో డాక్టర్లను ఆశ్చర్యపరిచింది ముక్కు దిబ్బడ లేకుండానే రాత్రికి రాత్రి వాసన పోవడం. మన కేంద్ర ఆరోగ్య శాఖ ఆ ఏడాది జూన్ 13న వాసన, రుచి కోల్పోవడాన్ని కోవిడ్ లక్షణాల్లో చేర్చింది. వైరస్ కణంలోకి దూరడానికి వాడుకునే ఏసీఈ2 అనే తలుపు వాసన నాడీకణాల మీద దాదాపుగా ఉండదనీ, వాటిని ఆనుకుని పోషించే సహాయ కణాల మీద ఉంటుందనీ అదే ఏడాది తేలింది. సహాయ కణాలు కూలిపోతే నాడీకణాలు ఉన్నచోటే మూగబోతాయి. సహాయ కణాలు త్వరగా పుడతాయి కాబట్టే ఎక్కువమందికి రెండు నుంచి నాలుగు వారాల్లో వాసన తిరిగొచ్చింది.

రాని వాళ్ల సంగతి వేరు. సహాయ కణాల నష్టం లోతుగా ఉన్నచోట నాడీకణాలు కూడా రాలిపోతాయి. అడుగున ఉన్న మూలకణాలు కొత్త నాడీకణాలను తయారుచేయాలి. వాటి పోగులు ముక్కుకీ మెదడుకీ మధ్య ఉన్న చిల్లుల ఎముక గుండా పైకి పాకి, సరైన చోట అతుక్కోవాలి. దీనికి నెలలు పడుతుంది. పైగా వాసన నెలల తరబడి రానివాళ్ల ముక్కు పొర ముక్క తీసి చూసిన డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకులు 2022లో అక్కడ రోగనిరోధక టీ కణాలు ఇంకా గుమిగూడి ఉండటం, నాడీకణాలు తగ్గిపోయి ఉండటం గమనించారు. వైరస్ లేదు, దానిమీద మొదలైన పోరాటం మాత్రం ఆగలేదన్నమాట.

ఎంతమందికి ఇలా మిగిలిపోతుంది? 2022లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన ఒక సమీక్ష 18 అధ్యయనాలను కలిపి, దాదాపు 5.6 శాతం మందికి వాసన లోపం, 4.4 శాతం మందికి రుచి లోపం దీర్ఘకాలం ఉండిపోవచ్చని అంచనా వేసింది. మహిళలు కోలుకునే అవకాశం తక్కువగా కనిపించింది. శాతం చిన్నదే, కానీ కోవిడ్ సోకినవాళ్ల సంఖ్యతో గుణిస్తే అది పెద్ద జనాభా. కోవిడ్ కంటే ముందు కూడా మామూలు జలుబు వైరస్‌లు, ఫ్లూ ఇదే పని చేసేవి. ముఖ్యంగా నడివయసు దాటిన మహిళల్లో. అప్పట్లో ‘వయసు మీద పడింది’ అని కొట్టిపారేసేవారు. ఆ నిర్లక్ష్యం వల్ల పోయిన కాలాన్ని ఇప్పుడెవరూ తిరిగివ్వలేరు, కనీసం ఇకముందు అలా జరగకూడదు.

పోపు కంపు కొడితే

రెండు మూడు నెలలకు వాసన మెల్లగా వస్తోందని సంబరపడే సమయంలో కొందరికి కొత్త కష్టం మొదలవుతుంది. కాఫీ కాలిన రబ్బరులా, ఉల్లిపాయ వేపుడు మురుగులా, గుడ్డు కుళ్లిన మాంసంలా తగులుతుంది. దీన్ని పారోస్మియా అంటారు. ఎదురుగా ఏమీ లేకపోయినా పొగ వాసనో కంపో వస్తే అది ఫాంటోస్మియా. పారోస్మియాలో వస్తువు ఉండాలి, దాని వాసనే మారిపోతుంది.

ఇంగ్లండ్‌లోని రీడింగ్ యూనివర్సిటీ వాళ్లు కాఫీ ఆవిరిని అందులోని అణువులుగా విడగొట్టి, ఒక్కొక్కటీ రోగులకు వాసన చూపించారు. చాలామందికి కంపు కొట్టించినవి కొన్నే: గంధకం కలిసిన థయాల్ అణువులు, వేగినప్పుడు పుట్టే పైరజీన్లు. ఇవన్నీ ముక్కు అతి తక్కువ మోతాదులోనే పట్టేసే అణువులు. గ్రాహకాలు కొన్నే తిరిగి పనిలోకి వచ్చిన ముక్కుకు మొదట అందేవి ఇవే. మిగతా సుగంధం లేకుండా ఇవి ఒంటరిగా తగిలేసరికి మెదడు కంపు అని తీర్పు చెబుతుంది.

ఇప్పుడు తెలుగు వంటింటి వైపు చూస్తే సమస్య ఎంత పెద్దదో తెలుస్తుంది. ఇంగువ వాసనంతా గంధకమే. వెల్లుల్లి, ఉల్లి అంతే. వేయించిన జీలకర్ర, వేరుశనగ, నువ్వులు, మాడిన ఎండుమిర్చి, డికాక్షన్, కోడి వేపుడు పైరజీన్ల పుట్టిళ్లు. రోజుకు రెండుసార్లు పోపు పడే ఇంట్లో పారోస్మియా ఉన్న మనిషికి దాక్కునే చోటు ఉండదు. ఆ మనిషే వంట చేసే మనిషి అయితే ఇంకా కష్టం. వికారం, తిండి మీద విరక్తి, బరువు తగ్గడం, ‘నాటకాలాడుతోంది’ అన్న మాటలు పడటం అన్నీ ఒక్కసారే మీద పడతాయి. ఇది నాటకం కాదు. నాడులు తిరిగి అతుక్కునే దశలో వచ్చే లక్షణం. మామూలుగా కోలుకోవడానికి సూచన కూడా.

తిండిని దీనికి తగ్గట్టు మార్చుకోవచ్చు. వేడి ఆహారం నుంచి ఆవిరి ఎక్కువ లేస్తుంది, చల్లారినదాని నుంచి తక్కువ. అందుకే పెరుగన్నం, చద్దన్నం, ఇడ్లీ, ఆవిరికుడుములు, మొలకెత్తిన పెసలు, పనీర్, పండ్లు చాలామందికి సయిస్తాయి. పప్పును పోపు లేకుండా ముద్దపప్పుగా తినడం, మిగతావాళ్ల గిన్నెలో పోపు విడిగా కలపడం అన్నిటికంటే తేలికైన ఏర్పాటు. పోపు వేసే అయిదు నిమిషాలూ చిమ్నీ లేదా ఎగ్జాస్ట్ ఫ్యాన్ నడవాలి, బాధపడే మనిషి వేరే గదిలో తలుపు వేసుకుని ఉండాలి. తప్పక వండాల్సి వస్తే ఈతగాళ్లు పెట్టుకునే ముక్కు క్లిప్పు పనికొస్తుంది. గుడ్డు, కోడి మానేసినవాళ్లు మాంసకృత్తులు తగ్గకుండా పప్పు, పాలు, పెరుగు పెంచాలి. పడని పదార్థాల జాబితా రాసుకుని నెలకోసారి ఒక్కొక్కటీ కొద్దిగా మళ్లీ తిని చూడాలి. ఒకసారి పడలేదని శాశ్వతంగా వదిలేస్తే ముక్కు మారిన సంగతి కూడా తెలియదు.

వాసన పూర్తిగా పోయినవాళ్ల భోజనం దీనికి తలకిందులు. వాళ్లకు మిగిలిన రెండు దారులనూ వాడుకోవాలి: గోంగూర పులుపు, అల్లం, మిరియాలు, ఆవ పెట్టిన కూర, కరకరలాడే వడియాలు, చల్లటి పెరుగు పచ్చడి పక్కన వేడి అన్నం. ప్రమాదం ఎక్కడంటే, చప్పగా ఉందని ఉప్పు, ఆవకాయ, పంచదార చేతికొద్దీ పెంచేస్తారు. పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంటే ఒక చెంచాకు కాస్త తక్కువ. బీపీ, షుగర్ ఉన్న ఇంట్లో వంటకు ఉప్పు చెంచాతో కొలిచే వేయాలి. పులుపు, కారం పెంచుకోవచ్చు, ఉప్పు కాదు.

స్మెల్ ట్రైనింగ్ ఎలా చేయాలి

స్మెల్ ట్రైనింగ్ అంటే రోజూ కొన్ని వాసనలను శ్రద్ధగా పీల్చి ముక్కుకు శిక్షణ ఇవ్వడం. ఇప్పటిదాకా ఉన్న వైద్యాల్లో ఆధారం, భద్రత రెండూ ఉన్నది ఇదే. జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హమ్మెల్ బృందం 2009లో దీన్ని ప్రచురించింది. నాలుగు వాసనలు: గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం. పొద్దున, రాత్రి, 12 వారాలు. వాసన పోయి ఏడాది దాటకముందే మొదలుపెట్టినవాళ్లకు ఫలితం మెరుగ్గా ఉంటుంది.

కావలసినవి మూత గట్టిగా ఉన్న నాలుగు చిన్న గాజు సీసాలు. ముదురు గోధుమ రంగువైతే నూనె త్వరగా పాడవదు. అడుగున దూది లేదా మందపాటి డ్రాయింగ్ కాగితం ముక్క పెట్టి, ఒక్కో సీసాలో ఒక్కో సుగంధ నూనె నాలుగైదు చుక్కలు వేయాలి. సీసా మీద పేరు, తేదీ రాయాలి. మూత తీసి ముక్కుకు రెండు మూడు సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని 15 నుంచి 20 సెకన్ల పాటు చిన్న చిన్నగా పీల్చాలి. గట్టిగా ఎగపీల్చకూడదు. అర నిమిషం ఆగి తర్వాతి సీసా తీయాలి. మొత్తం అయిదు నిమిషాల లోపు అయిపోతుంది.

పీల్చే ఆ కాసేపూ మనసు అక్కడే ఉండాలి. లవంగం సీసా పట్టుకున్నప్పుడు లవంగం ఎలా ఉండేదో, బిర్యానీలో పంటికింద పడ్డప్పుడు ఎలా తగిలేదో గుర్తుచేసుకోవాలి. ఫోన్ చూస్తూ సీసాలు తిప్పేస్తే అది శిక్షణ కాదు. వాసన ఏమీ తెలియకపోయినా చేయాలి. నిజానికి మొదటి వారాల్లో చాలామందికి ఏమీ తెలియదు, మూడో వారానికల్లా మానేస్తారు. ఈ శిక్షణ విఫలమయ్యేది ఎక్కువగా అక్కడే. ఇంకో కారణం నూనె ఆవిరైపోవడం. రెండు మూడు నెలలకోసారి దూది మార్చి కొత్త చుక్కలు వేయాలి. వాసన తెలియని మనిషికి సీసా ఖాళీ అయిందో లేదో తెలియదు కాబట్టి ఇంట్లో ఇంకొకరు వారానికోసారి చూసి చెప్పాలి.

నీలగిరి దగ్గర జాగ్రత్త. దాని చల్లదనం స్పర్శ నాడికి తగులుతుంది, అది వాసన కాదు. ఆ చల్లదనం వెనక ఆకు వాసన ఏమైనా ఉందా అని వెతకాలి. లవంగ నూనె చర్మానికి, ముక్కు పొరకు తగిలితే మంటపుడుతుంది. ఏ నూనెనూ ముక్కులో వేయకూడదు. అగరొత్తుల పొగ శిక్షణకు పనికిరాదు. నూనెలు దొరకకపోతే దంచిన లవంగాలు, యాలకులు, నిమ్మతొక్క, ఎండిన గులాబీ రేకులు వాడొచ్చు, కాకపోతే వారానికోసారి మార్చాలి. పారోస్మియా ఉండి ఒక వాసన భరించలేకపోతే దాన్ని పక్కనపెట్టి వేరేది తీసుకోవాలి. 12 వారాల తర్వాత నాలుగు వాసనలనూ కొత్తవాటితో మార్చి కొనసాగించిన పద్ధతి కూడా మంచి ఫలితం ఇచ్చింది.

మార్పును కొలవడానికి ఆసుపత్రుల్లో స్నిఫిన్ స్టిక్స్ అనే వాసన నింపిన పెన్నులు ఉంటాయి. మొత్తం 48 మార్కులు. 5.5 మార్కులు పెరిగితే మనిషికి తేడా తెలిసేంత మెరుగుదలగా లెక్క. ఇంట్లో అయితే నెలకోసారి ప్రతి సీసాకూ 0 నుంచి 10 దాకా మార్కు వేసి తేదీతో రాసుకుంటే చాలు. రోజూ వేసుకుంటే నిరాశే మిగులుతుంది.

మందుల సంగతి

మామూలు స్టెరాయిడ్ స్ప్రే వాసన పొర దాకా చేరదు, ముక్కు ముందుభాగంలోనే ఆగిపోతుంది. కోవిడ్ తర్వాత వాసన పోయినవాళ్ల మీద మొమెటాసోన్ అనే స్టెరాయిడ్ స్ప్రే ప్రయోగిస్తే శిక్షణ ఒక్కటే చేసినవాళ్ల కంటే అదనపు లాభం కనిపించలేదు. ఉప్పునీళ్లలో బ్యూడెసొనైడ్ అనే స్టెరాయిడ్ కలిపి ముక్కు కడిగే పద్ధతి కొంత మెరుగు. 2018లో 133 మంది మీద చేసిన ప్రయోగంలో శిక్షణతో పాటు ఇది చేసినవాళ్లలో దాదాపు 44 శాతం, శిక్షణ ఒక్కటే చేసినవాళ్లలో 27 శాతం మెరుగయ్యారు. ఇది డాక్టరు రాస్తేనే చేయాలి. ముక్కు కడిగే నీళ్లు కాచి చల్లార్చినవే అయ్యుండాలి. కుళాయి నీళ్లు, బోరు నీళ్లు నేరుగా పోస్తే మెదడును తినే అమీబా లోపలికి వెళ్లే ప్రమాదం ఉంది.

స్టెరాయిడ్ మాత్రలు సొంతంగా మింగడం మాత్రం వద్దే వద్దు. 2021లో కోవిడ్ రెండో అల సమయంలో షుగర్ ఉన్నవాళ్లలో స్టెరాయిడ్ల వాడకం బ్లాక్ ఫంగస్‌కు ఎలా దారితీసిందో తెలుగు రాష్ట్రాల ఆసుపత్రులు కళ్లారా చూశాయి. జింకు లోపం లేనివాళ్లకు జింకు మాత్రల వల్ల లాభం రుజువు కాలేదు. ముక్కులో వేసే జింకు అయితే వాసననే పోగొడుతుంది, అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2009లో అలాంటి జలుబు మందుల మీద హెచ్చరిక జారీ చేసింది. పసుపు ఆవిరి, నీలగిరి ఆవిరి దిబ్బడను వదిలిస్తాయేమో కానీ నాడీకణాలను మొలిపించవు. వేడినీళ్ల గిన్నె ఒలికి కాళ్లు కాల్చుకోవడం మాత్రం నిజంగా జరుగుతుంది. సొంత రక్తం నుంచి తీసిన ప్లాస్మాను ముక్కులోకి ఎక్కించే పీఆర్‌పీ పద్ధతి చిన్న ప్రయోగాల్లో ఆశ చూపింది, అంతకుమించి చెప్పే దశ ఇంకా రాలేదు.

వాసన పోయి నెల దాటితే ఒక్కసారైనా ఈఎన్‌టీ డాక్టరు ఎండోస్కోపీతో చూడాలి. ముక్కులో కండ పెరిగినా, సైనస్ నిండినా వాసన పోతుంది, వాటికి వైద్యం వేరే, ఫలితం కూడా త్వరగా వస్తుంది. ఒక పక్క ముక్కు మాత్రమే మూసుకుపోవడం, రక్తం కారడం, జలుబూ దెబ్బా ఏమీ లేకుండా నెమ్మదిగా వాసన తగ్గిపోవడం ఉంటే వైరస్ మీదికి తోసేయకూడదు. షుగర్ ఉన్న మనిషికి ముఖం ఒక పక్క నొప్పి, కంటి వాపు, ముక్కు నుంచి నల్లటి స్రావం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంట్లో భద్రత

గ్యాస్‌కు సొంత వాసన లేదు. లీకైతే తెలియడానికే ఇథైల్ మెర్‌కాప్టన్ అనే గంధకపు వాసన కలుపుతారు. వాసన లేని మనిషి ఒంటరిగా ఉండే ఇంట్లో ఆ హెచ్చరిక ఉన్నా లేనట్టే. రాత్రి పడుకునే ముందు, ఊరెళ్లే ముందు రెగ్యులేటర్ కట్టేయాలి. సురక్షా పైపు 5 ఏళ్లకోసారి మార్చాలి. పైపు అతుకుల దగ్గర సబ్బు నురుగు రాసి బుడగలు వస్తున్నాయేమో నెలకోసారి చూడాలి. గ్యాస్ అలారం కొంటే ఎక్కడ బిగించామన్నది ముఖ్యం. సిలిండర్ గ్యాస్ గాలి కంటే బరువు, నేల మీద పరుచుకుంటుంది. కాబట్టి అలారం నేలకు అడుగు ఎత్తులో ఉండాలి. హైదరాబాద్, విజయవాడ, కాకినాడల్లో పైపుల ద్వారా వచ్చే గ్యాస్ గాలి కంటే తేలిక, కప్పు దగ్గర చేరుతుంది. అక్కడ అలారం గోడ పైభాగంలో ఉండాలి. తారుమారైతే గది నిండేదాకా అది మోగదు. సిలిండర్ లీకేజీకి అత్యవసర నంబరు 1906.

మిగిలిన కూరల డబ్బాల మీద తేదీ రాసి ఫ్రిజ్‌లో పెట్టాలి, మూడో రోజుకు పారేయాలి. పాలు విరిగాయో లేదో ముక్కుతో కాకుండా చెంచాడు కాచి చూడాలి. వంట మాడుతోందని ముక్కు చెప్పదు కాబట్టి స్టవ్ ముట్టించిన ప్రతిసారీ ఫోన్‌లో టైమర్ పెట్టుకోవాలి. చంటిపిల్లలున్న ఇంట్లో డైపర్ మార్చే వేళలకూ అంతే. ఇంట్లోవాళ్లకు, పనిచేసేచోట పక్కనున్నవాళ్లకు ‘నాకు వాసన తెలియదు, గ్యాసో పొగో వస్తే చెప్పండి’ అని ముందే చెప్పి ఉంచాలి. రసాయనాల ఫ్యాక్టరీలో, హోటల్ వంటగదిలో, గ్యాస్ గోడౌన్‌లో పనిచేసేవాళ్లు ఈ మాట పై అధికారికి రాతపూర్వకంగా ఇవ్వాలి.